ఆ రూపాయి ఎవరి ఒంట్లోంచి మిగిలింది?

పోయిన కార్తీకమాసంలో మా పెదనాన్నగారి కొబ్బరితోటలో వనభోజనాలు పెట్టుకున్నాం. అమలాపురం చుట్టుపక్కల ఉన్న చుట్టాలంతా వచ్చారు. భోజనాలయ్యాక చాపల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే మాట ఖర్చుల మీదకి వెళ్ళింది. నూనె ధర, స్కూలు ఫీజులు, గ్యాస్, అన్నీ అయ్యాయి. అప్పుడు మా పిన్ని కోడలు అమ్మని చూపించి, "పెద్దత్తయ్యగారిలా సంసారం నెట్టుకొచ్చేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? తుఫాను తర్వాత రూపాయి అప్పు లేకుండా ఇద్దరు పిల్లల్ని చదివించారు" అంది. అందరూ అవునవునన్నారు. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "అందులో పొదుపేం ఉందమ్మా. చేసేదాన్ని నేనున్నాను కాబట్టి సాగింది" అంది.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను నేను. పదిహేనేళ్ళుగా ఇంటి ఖర్చులు పుస్తకంలో రాస్తున్నాను. ఎక్కడెంత మిగులుతుందో చూసుకోవడం నాకు ఇష్టమైన పని. అయితే మిగిలిన డబ్బు ఎక్కడి నుంచి మిగిలిందో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఎప్పుడూ రాయలేదు. అది రాయకపోతే ఆ లెక్క తప్పు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అంతే.

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. తెల్లారి తలుపు తీసి చూస్తే తోట నేల మీద పడుకుని ఉంది. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. మేం నలుగురం బతికాం కాబట్టి అదృష్టవంతులం. మాకున్న ఎకరంన్నరలో తొంభై చెట్లకి ఇరవై రెండు నిలబడ్డాయి. దేశవాళీ కొబ్బరి మొక్క ఇవాళ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. రెండు నెలలకోసారి దింపు తీయించి, కాయ అమ్ముకుని బతికే ఇంటికి ఆరేడేళ్ళు అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఏళ్ళన్నీ అమ్మ ఇల్లు నడిపింది. గ్యాస్ బండ ఉండేది కానీ చుట్టాలొస్తేనే వెలిగేది. మిగతా రోజులన్నీ మట్టలు, డొక్కలు, చిప్పలతో పొయ్యి మీద వంట. పడిపోయిన చెట్ల కమ్మలన్నీ కూర్చుని ఈనెలు తీసి చీపుళ్ళు కట్టింది. ఇంటికి సరిపోను ఉంచుకుని మిగతావి అమ్మింది. గిన్నెలు పీచు, బూడిదతో తోమేది. బట్టలు కాలువ రేవులో బండ మీద ఉతికేది, చలికాలం తెల్లారుజామున కూడా. పాత నేత చీరలు నాలుగు పొరలు వేసి బొంతలు కుట్టేది. అరిగిపోయిన సబ్బు ముక్కలు కొత్త సబ్బుకి అతికించి వాడించేది. మేం అన్నం తిన్నాక గిన్నెలో ఎంత మిగిలిందో చూసుకుని తను కూర్చునేది.

ఇవి చెబితే ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెడతారు. నేనూ పెడతాను. కానీ ఆ లెక్కని ఇప్పుడు మళ్ళీ వేసి చూశాను.

అమ్మకి ఆయాసం వచ్చి ఆరేళ్ళయింది. మొదటిసారి చూపించినప్పుడు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "సిగరెట్లు, చుట్టలు కాల్చేవారా?" రెండో ప్రశ్న, "పొయ్యి మీద ఎన్నేళ్ళు వండారు?" చుట్ట ముట్టని మనిషి ఊపిరితిత్తులు చుట్ట కాల్చినవాళ్ళలా ఎందుకయ్యాయో అప్పుడు తెలిసింది. నెలనెలా ఇన్‌హేలరు కొంటున్నాం. నడుం నొప్పి వేరే, వేళ్ళ కీళ్ళ వాపు వేరే. ఆ ఏళ్ళలో గ్యాస్ మీద మిగిలిన డబ్బు ఎప్పుడో మందుల షాపుకి వెళ్ళిపోయింది. ఒకవేళ ఆమె ఆరోగ్యం చెక్కుచెదరకుండా ఉండి, మందులకి పైసా పెట్టాల్సిన పని లేకపోయినా నా మాట మారదు. రోజుకి నాలుగైదు గంటలు పొగలో, రేవులో గడిపిన మనిషి ఆ గంటల్ని ఎవరికిచ్చింది? మాకిచ్చింది. మేం దాన్ని పొదుపు అని పేరు పెట్టి ఊరికే తీసుకున్నాం.

నాన్న చెడ్డవాడు కాదు. తోటలో ఎండనక వాననక కష్టపడ్డాడు. కానీ పొద్దున్నే సెంటర్లో టీ, పేపరు, సాయంత్రం చుట్ట, ఇవేవీ ఆ ఏళ్ళలో ఆగలేదు. ఎవరూ ఆపమని అడగలేదు కూడా. అమ్మ మాత్రం కాఫీ మానేసింది. ఇంటి పొదుపు అన్నప్పుడు అది ఇంట్లో ఒక్క మనిషి మీదే ఎందుకు పడుతుందో మనం అడగం. ఇప్పటికీ నేను చదివే పొదుపు చిట్కాల్లో సగం ఇలాగే ఉంటాయి. మసాలాలు ఇంట్లోనే దంచుకోండి, చిరుతిళ్ళు ఇంట్లోనే చేసుకోండి, నెయ్యి ఇంట్లోనే కాచుకోండి. దంచేది, చేసేది, కాచేది ఎవరో అందులో రాయరు. రాయకపోయినా అందరికీ తెలుసు.

ఇంకొకటి చెప్పాలి. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఆ రోజుల్లో నెలసరికి నాకూ పాత గుడ్డలే. ఉతికిన గుడ్డని నలుగురి కంటా పడకుండా దొడ్లో చీకటి మూల ఆరేసేదాన్ని. వానాకాలంలో అది ఆరేది కాదు. తడి గుడ్డతో స్కూలుకి వెళ్ళి, దురదలు, మంటలు భరించి, అమ్మకి కూడా చెప్పలేదు. నెలకి ముప్ఫై రూపాయలు మిగిలాయేమో. ఇప్పుడు జన ఔషధి షాపుల్లో ప్యాడ్ 2019 నుంచి ఒక్క రూపాయికి దొరుకుతోంది. మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయికి ఆ సంగతి తెలియదు, నేను చెప్పేదాకా. ఆడపిల్లలున్న ఇళ్ళన్నిటికీ ఇది తెలియాలి.

అందుకే ఇప్పుడు నా పుస్తకంలో మిగులు పక్కన ఇంకో గడి గీశాను. ఈ రూపాయి ఎవరి నుంచి మిగిలింది అని. ఆ గడి పెట్టాక చాలా అలవాట్లు మారాయి.

మొదట మారింది సంతలో బేరం. వంకాయలు గంపలో పెట్టుకుని లంకల్లోంచి వచ్చే ఆవిడ దగ్గర కిలోకి ఐదు రూపాయలు తగ్గించమని పదినిమిషాలు నిలబడేదాన్ని. తగ్గించేది కూడా. ఎండ పెరిగితే కాయ వాడిపోతుంది, సాయంత్రానికి ఇంటికెళ్ళాలి, ఏ ధరకైనా వదిలించుకోవాల్సిందే కదా. అదే రోజు సూపర్ మార్కెట్లో బిస్కెట్ ప్యాకెట్ మీద ఎంత ముద్రించి ఉంటే అంత, మాట్లాడకుండా ఇచ్చేదాన్ని. బతిమాలగలిగిన చోటే బేరం, అడగలేని చోట నోరు మెదపకపోవడం. వారానికి ముప్ఫై నలభై రూపాయలు మిగిలేవి, ఆవిడ కూలిలోంచి. ఇప్పుడు ఆవిడ చెప్పిన ధరకే తీసుకుంటున్నాను. తూకం సరిగ్గా ఉందా లేదా మాత్రం చూస్తాను, అది నా హక్కు. బిస్కెట్లు తగ్గించేశాం. మిగిలేది ఇప్పుడే ఎక్కువ.

బియ్యం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో పెద్ద మార్పు అక్కడే వచ్చింది. డెల్టాలో పుట్టి, చుట్టూ చేలు పెట్టుకుని, మేం పదేళ్ళు సంచి బియ్యం కొన్నాం. షాపులో 26 కిలోల సంచి ఉంటుంది, గమనించారా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాన్ని దాటించడానికి సంచిలో ఇంకో కిలో వేశారు. సన్నబియ్యం అలాంటి సంచి 1,450 పెట్టి తెచ్చేవాళ్ళం. కిలో దాదాపు 56 రూపాయలు పడేది.

2024 డిసెంబరులో సార్వా (ఖరీఫ్) కోతలయ్యాక మాకు తెలిసిన కౌలు రైతు దగ్గర స్వర్ణ ధాన్యం ఎనిమిది బస్తాలు కొన్నాం. స్వర్ణ ఎక్కడిదో కాదు, ఈ డెల్టాలోనే మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది, 1982లో విడుదలైంది. ఎకరాలకి ఎకరాలు పండించి బయటికి పంపించి, మనం మాత్రం దాన్ని దుడ్డు బియ్యం అని పక్కన పెట్టేస్తాం. ఆ సీజన్‌కి మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,300, ఏ గ్రేడుకి 2,320. మేం 2,320 లెక్కనే ఇచ్చాం. 75 కిలోల బస్తా 1,740 పడింది. మిల్లులో ఆడిస్తే బస్తాకి 47 కిలోల బియ్యం వచ్చాయి. అంటే కిలో 37. ఆడించిన కూలి, ఆటో కలుపుకుంటే 40. నెలకి 35 కిలోలు తినే మా ఇంట్లో ఐదొందలకి పైగా తేడా.

మధ్యలో ఎవరైనా నష్టపోయారా అని చూసుకున్నాను. రైతుకి పూర్తి మద్దతు ధర చేతిలో పడింది, అదీ కల్లం దగ్గరే, డబ్బుల కోసం తిరగాల్సిన పని లేకుండా. కళ్ళాల్లో ధాన్యం రాశి పోసుకుని, మబ్బు పడితే బరకాలు కప్పుకుంటూ, తేమ ఎక్కువుందని బస్తాకి ఇంత కోస్తామంటే తలాడించే కౌలు రైతుకి అది చిన్న విషయం కాదు. 2011లో ఇదే కోనసీమలో రైతులు పంట విరామం ప్రకటించి సార్వా చేలు బీడు పెట్టేశారు. పండిస్తే పెట్టుబడి కూడా రాదని. తినేవాడికి బియ్యం చౌకగా రావాలనే మన కోరికకి ఇంకో వైపు ఎవరున్నారో ఆ ఏడాది అందరికీ కనిపించింది. అందుకే రైతు దగ్గర ధర తగ్గించి కాకుండా, మధ్యలో సంచి, లేబుల్, పాలిష్, కమీషన్ తీసేసి మిగుల్చుకోవడం నాకు నచ్చింది.

ధాన్యం నిల్వ ఉంచడం గురించి అడుగుతారు. వెనకటికి గడ్డితాడుతో పురులు కట్టేవాళ్ళు, ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్ళు తక్కువ. మేం చెక్కబల్ల మీద బస్తాలు గోడకి జానెడు దూరంగా పేర్చాం. బియ్యంగా కాకుండా ధాన్యంగా ఉంచితే పురుగు తక్కువ పడుతుంది. రెండు నెలలకి కావాల్సినంత మాత్రమే ఆడించుకుంటాం. మొదటి నెలల్లో కొత్త బియ్యం ముద్దవుతుంది, నీళ్ళు తగ్గించి వండాలి. వేసవి వచ్చేసరికి పాతబడి అన్నం పొడిపొడిగా వస్తుంది. నూకలు ఉప్మాకి, తవుడు పక్కింటి గేదెకి. బస్తాలు మొయ్యడం, మిల్లుకి తీసుకెళ్ళడం మా ఆయన పని. ఆ గడిలో అది కూడా రాశాను.

షాంపూ విషయంలో మాత్రం నేను తెలిసే ఎక్కువ ఖర్చు పెడుతున్నాను. పెద్ద సీసా కొంటే చౌక అనుకుంటాం కదా, లెక్క వేస్తే మన దగ్గర చాలాసార్లు తిరగబడుతుంది. నేను వాడే రకంలో రూపాయి ప్యాకెట్లు కొంటే మిల్లీలీటరుకి పడే ధర సీసాలో పడేదానికి మూడో వంతు కూడా లేదు. మూడేళ్ళు ప్యాకెట్లే కొన్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ కాలువల నీళ్ళే మనం తాగేది, తడుపుకునేది. వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊరి వంతెన మీద నుంచి అడుగు చూశాను. బురద కంటే ప్యాకెట్లు ఎక్కువున్నాయి. అందులో నావెన్నో. అవి మళ్ళీ పనికొచ్చేవి కావు, ఏరి కొనేవాళ్ళు లేరు. రోజుకూలి మీద బతికేవాళ్ళు రూపాయి ప్యాకెట్ కొంటే నేను తప్పు పట్టను, చేతిలో ఆ రోజుకి ఉన్నది అంతే. నాకు నెల జీతం ఉంది. నేను సీసా కొనగలను. ఆదివారాలు తీరిక ఉంటే కుంకుడుకాయలు నానబెడతాను, లేకపోతే లేదు.

సబ్బు గురించి ఒక్క మాట. కవరు మీద టీఎఫ్‌ఎం, అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం శాతం చూడండి. టాయిలెట్ సోప్ గ్రేడ్ 1 అంటే 76 శాతం, గ్రేడ్ 3 అంటే 60. బాతింగ్ బార్ అని రాసి ఉంటే అంతకంటే తక్కువ ఉండొచ్చు, అది నీళ్ళు తగలగానే మెత్తబడి త్వరగా అయిపోతుంది. ధర తక్కువని కొన్న సబ్బు నాలుగు రోజుల ముందే అయిపోతే అది చౌక కాదు. నీళ్ళు కారిపోయే సబ్బుపెట్టె ఒకటి కొనుక్కుంటే చాలు.

వాషింగ్ మెషిన్ కొన్నప్పుడు చుట్టాల్లో కొందరు, "అంత ఖర్చెందుకు, ఇద్దరు ఆడవాళ్ళున్నారుగా ఇంట్లో" అన్నారు. ఆ మాటలోనే నా వాదన అంతా ఉంది. పదమూడు వేలు పెట్టి సెమీ ఆటోమేటిక్ తీసుకున్నాం. ఒక్కో ఉతుకుకి కరెంటు అర యూనిట్ కూడా కాలదు. ఏడేళ్ళుగా నడుస్తోంది, మధ్యలో ఒకసారి బెల్టు మార్చాం. నెలకి లెక్కేస్తే నూట యాభై పైచిలుకు. అమ్మ వేళ్ళ వాపుకి ఆ డబ్బులో ఏ మందూ రాదు. ఇంట్లో నేను పెట్టిన ఖర్చుల్లో అసలైన పొదుపు ఇదే అని నమ్ముతాను.

ఫ్యాన్లు కూడా అంతే. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ మోటారు ఉన్న కొత్త రకం 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. మా ఉక్కపోతకి మూడు ఫ్యాన్లు రోజుకి పన్నెండు గంటలైనా తిరుగుతాయి. నెలకి 48 యూనిట్లు తగ్గాయి. మన స్లాబుల్లో 125 యూనిట్లు దాటితే 6 రూపాయలు, 225 దాటితే 8.75. తగ్గేవి ఎప్పుడూ ఆ ఖరీదైన పై యూనిట్లే కాబట్టి తేడా గట్టిగా తెలుస్తుంది. దీనివల్ల ఎవరికీ నొప్పి లేదు, ఎవరి నిద్రా చెడలేదు. చీకట్లో కూర్చోమని, ఫ్యాన్ ఆపుకోమని ముసలివాళ్ళని కసిరే ఇళ్ళు నాకు తెలుసు. అది నాకు కోపం తెప్పిస్తుంది.

బీపీ మాత్రలు జన ఔషధిలో తీసుకుంటున్నాం, డాక్టరుగారికి చూపించి, అదే మందు అని నిర్ధారించుకుని. బయట కొన్న బ్రాండుతో పోలిస్తే మాకు సగానికి పైగా తగ్గింది.

పుస్తెలమ్మైనా పులస తినాలి అనే నేల ఇది. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు పులస కోసం వేలు పోస్తారు. సంక్రాంతికి కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించి ఫోటోలు పెడతారు. నాకు దాని మీద ద్వేషం లేదు. ఏడాదికోసారి నలుగురూ కలిసి తినే సంతోషాన్ని తగ్గించుకోమని చెప్పను. ఆ వంద రకాలు వండిన చేతులు ఆ విస్తరి ముందు కూర్చున్నాయా, చివర్లో మిగిలినవి నిలబడి తిన్నాయా అని మాత్రం అడుగుతాను.

నాతో పనిచేసే ఒకావిడ ఇదంతా విని, "ఇవన్నీ జీతం ఉన్నవాళ్ళ మాటలు. మీ అమ్మగారికి అప్పుడు వేరే దారేముంది?" అంది. నిజమే. లేదు. తుఫాను తర్వాత మా ఇంట్లో ఎవరు ఏం చేసినా కష్టం కష్టమే. అమ్మ చేసింది తప్పని నేను ఒక్కనాటికీ అనను. కానీ దారి లేక చేసినదాన్ని, దారి ఉన్న మనం ఆదర్శం అని ఆడపిల్లలకి నేర్పడం తప్పు. అప్పుడు కూడా నాన్న చుట్ట మానొచ్చు. తమ్ముడు గిన్నెలు తోమొచ్చు. నేనూ తమ్ముడూ కలిసి రేవులోంచి తడిబట్టల బకెట్టు మోసుకురావొచ్చు. ఆ దారులు ఖర్చు లేనివే.

అమ్మ ఇప్పటికీ పెరట్లో కాగు కింద చిప్పలు పెట్టి స్నానానికి నీళ్ళు కాస్తానంటుంది. గీజరు నీళ్ళు ఒంటికి పట్టవంటుంది. చాలా వాదించాను. చివరికి పొయ్యి వెలిగించేది నేను లేదా మా ఆయన, ఆరుబయటే, తను దూరంగా అరుగు మీద కూర్చోవాలి అనే ఒప్పందానికి వచ్చాం. ఒప్పుకుంది.

మొన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఖర్చుల పుస్తకం తెరిచి కూర్చుంది. "ఏంటమ్మా?" అన్నాను.

"గిన్నెలు తోమే అమ్మాయికి ఈ నెల నుంచి వంద పెంచానే. నిన్ను అడగలేదు" అంది.

"అడిగిందా?"

"అది అడగదు. దాని వేళ్ళు చూశావా, పాచిపోయి పగిలిపోయి ఉన్నాయి. ఆ సబ్బు మార్చు ముందు. రబ్బరు తొడుగులేవో ఉంటాయటగా, అవి కూడా తీసుకురా."

తొడుగులు జత తొంభై రూపాయలు. ఆ వందా, ఈ తొంభై నెల ఖర్చుల్లో పాలు, గ్యాస్ కింద వరుసలో రాశాను.